రైతు వెంట నుండవలసిన కత్తి

వరంగల్ చుట్టుపట్ల ఏ రైతు ఇంట చూచినను ఇనుప పనిముట్లకు కొదువ యుండదు. కొడవండ్లు నాలుగైదు, గొడ్డలి, బాడిస, వంటింట కత్తిపీట, చూరున దోపిన కమ్మకత్తి కనబడును. ఇవి యన్నియు ఇంటిపట్టున నుండునవి. రైతు బ్రతుకు మాత్రము సగము ఇంటి వెలుపలనే గడచును. పగలు చేను, రాత్రి మంచె; పంట చేతికి వచ్చినప్పుడు ఏనుమాముల మార్కెటులో మిరప బస్తాల ప్రక్కన జాగరణము; రెండేండ్ల కొకసారి మాఘమాసపు రోజులలో మేడారము ప్రయాణము, అచ్చట చెట్టు క్రింద డేరా, మూడు రాళ్ల పొయ్యి. ఈ వెలుపలి బ్రతుకున త్రాడు తెంపవలసివచ్చిన పండ్లతో కొఱుకుటయు, సంచి విప్పవలసివచ్చిన కొడవలి మొనతో పొడుచుటయు మనవారికి అలవాటైపోయినది. ఎల్లప్పుడు ఒంటిమీద నుండదగిన చిన్న కత్తి ఎట్టిదై యుండవలెనో ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

ఇట్టి కత్తి యుండవలెనని మేము చెప్పుటకు మొదటి కారణము ఎద్దు. కాడి క్రింద నున్న ఎద్దు కాలు జాఱి పడినప్పుడు మెడ పలుపు బిగిసికొనును. పశువు పెనగులాడిన కొలది ముడి గట్టిపడును గాని వదలదు. అట్టి సమయమున వ్రేళ్లతో ముడి విప్పుట సాధ్యము కాదు. ఇంటికి పరుగెత్తి కత్తి తెచ్చు వ్యవధి యుండదు. చేత కొడవలి యున్నను దాని మొన లోపలికి వంగి యుండుటచే త్రాటితోపాటు మెడయు తెగవచ్చును. కట్టుగొయ్య చుట్టు తిరిగి తిరిగి మెడకు ఉరి బిగించుకొన్న దూడ సంగతియు ఇట్టిదే. ఎద్దుల జత వెల యెంతో చదువరులకు మేము చెప్పనక్కఱలేదు.

ఈ యొక్క పనినిబట్టియే కత్తి ఆకారము సగము తేలిపోవును. మొన సూదివలె నుండరాదు; వెన్ను క్రిందికి వంగి మొన మొద్దుగా నుండవలెను. అప్పుడు కత్తి వెన్నును చర్మము వైపున నుంచి పలుపు క్రిందికి జొనిపి, వాదర వెలుపలి వైపున నుండగా త్రాటిని కోయవచ్చును. పశువు తల విదిల్చినను గ్రుచ్చుకొనదు. ఓడ పనివారు త్రాళ్లకు వాడు కత్తులును ఇట్లే మొద్దు మొనతో నుండును. ఊగు ఓడలో సూదిమొన త్రాటికంటె మనిషినే ముందు చేరునని వారికి అనుభవము నేర్పినది. పెనగులాడు ఎద్దు ప్రక్క నిలిచిన రైతు స్థితియు అంతకంటె భిన్నము కాదు.

ఇక దినమంతయు కత్తితో పడు పనులను లెక్కించి చూడుడు. ఎరువుల బస్తా దారము, డ్రిప్పు గొట్టము, టార్పాలిను త్రాడు, ప్రొద్దున పందుంపుల్ల, మధ్యాహ్నము ఉల్లిగడ్డ, జాతరలో నైనచో వంకాయ, టమాట, అమ్మవార్లకు బంగారమని సమర్పించు బెల్లపు దిమ్మకు చుట్టిన గోనెపట్టా. వీనిలో నాలుగంగుళములకు మించిన అలుగును కోరునది యొక్కటియు లేదు. ఒక్క పనినిగూర్చి మాత్రము ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. విత్తనపు ప్యాకెట్టును తోచినచోట చీల్చుట మన పొలములలో నిత్యము చూచుచున్నాము. విత్తనము మొలవనప్పుడు, లేక పూతయు కాతయు రానప్పుడు, పరిహారము కోరు రైతు చేతిలో నుండు ముఖ్య సాక్ష్యములు రెండు: దుకాణపు రసీదు, లాటు సంఖ్యయు గడువు తేదియు గల ప్యాకెట్టు. చీల్చునప్పుడు ఆ సంఖ్య రెండు ముక్కలై ఒకటి గాలిలో పోయినచో రైతు చెప్పునది నమ్ముటకు ఆధారమేమి? పదునైన చిన్న కత్తితో ప్యాకెట్టు అడుగు కుట్టునకు ఆనుకొని తిన్నగా కోసి, విత్తనము తీసికొని, ఖాళీ ప్యాకెట్టును, అందు పిడికెడు విత్తనమును, రసీదుతోపాటు పంట యింటికి వచ్చువఱకు దాచవలెను.

కావున అలుగు మూడున్నర మొదలు నాలుగంగుళముల వఱకు, అనగా అరచేతి వెడల్పు ఉండిన చాలును. వెడల్పు ఒక అంగుళము. వెన్ను మందము రెండు, రెండున్నర మిల్లీమీటర్లు. అంతకు మించిన కత్తి చీల్చునే గాని కోయదు. పిడి నాలుగు వ్రేళ్లును పూర్తిగా పట్టునంత యుండవలెను. అలుగు చిన్నదైనను పిడి చిన్నది కారాదు. చెమట చేతిలో పొట్టి పిడి తిరిగిపోవును.

జాతర దుకాణములలో పఱచి యుంచు కత్తులు కండ్లకు ఇంపుగా నుండును. తళతళ మెఱయు అలుగు, వెన్నున ఱంపపు పండ్లు, పిడి చివర దిక్సూచి, పిడిమీద పులి బొమ్మ. ఆ ఱంపపు పండ్లు కట్టెను కోయవు. కత్తి వెన్నుపై బొటనవ్రేలు ఆనించి అదుమునప్పుడు వ్రేలిని మాత్రము కోయును. దిక్సూచి చూచికొని తాడ్వాయి అడవిలో దారి పట్టిన రైతును మే మింతవఱకు చూడలేదు. కట్టెలు కొట్టుటకు గొడ్డలియు, కంప నఱకుటకు కమ్మకత్తియు బండిలో నుండనే యుండును. మూటికి బదులు ఒక్క పెద్ద కత్తి కొన్నవాడు ఉల్లిగడ్డ తఱుగుటకు ప్రక్క డేరాకు పోయి కత్తి అడుగవలసివచ్చును.

మడత చాకు మేలా, మడవని కత్తి మేలా అని పలువురు అడుగుచుందురు. ఫ్రాన్సు దేశమున సవాయ్ అను కొండసీమలో గొడ్డళ్లు మొదలగు రైతు పనిముట్లు చేయు కుటుంబమున పుట్టిన జోసెఫ్ ఒపినెల్ 1890లో చెక్కపిడి గల చిన్న మడత చాకు చేసెను. అది పల్లెవారి జేబులనుండి ప్రపంచ మంతట వ్యాపించినది. అట్టి ప్రసిద్ధమైన చాకునకును తెఱచిన అలుగును కదలనీయని తిరుగుడు ఉంగరము 1955లో గాని అమరలేదు. బిగింపు లేని చాకు మొన ఎక్కడనైన తగిలి ఎదురు తన్నినచో అలుగు ముడుచుకొని తన యజమాని వ్రేళ్లమీదనే పడును. మన రేగడి బురద కీలులో చేరినచో అది తెఱచుకొనుటయు కష్టమే. చేనికి, మంచెకు, జాతరకు ఒఱలో నుండు మడవని కత్తి తగినదనియు, బస్తీకి పోవునప్పుడు జేబులో బిగింపు గల చాకు మేలనియు మా యభిప్రాయము. రెండును కొనలేనివారు మొదటిదే కొనవలెను.

ఉక్కునుగూర్చి కొంత విపులముగా వ్రాయవలసియున్నది. ఈ విషయమున తెలంగాణము ఒకప్పుడు లోకమునకు ఇచ్చినదే గాని తెచ్చుకొన్నది కాదు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున మట్టి మూసలలో కరగించిన ఉక్కు ముద్దలను కొనుటకు పారశీక దేశపు వర్తకులు వచ్చెడివారు. డమాస్కసు కత్తులని పేరుగన్న వానికి ఇట్టి ఉక్కే మూలము. హెన్రీ వోయిసీ అను నాంగ్లేయుడు ఆ కొలుముల పనిని కన్నులార చూచి వ్రాసిన వృత్తాంతము 1832లో బెంగాలు ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చుపడినది. లండనులో మైకేల్ ఫారడే ఈ దేశపు ఉక్కును పరీక్షించి 1819లో దాని గుణములను ప్రకటించెను. మనమును కన్నడిగులును పలుకు ఉక్కు అను మాటయే ఇంగ్లీషువారి నోట ‘వూట్జ్’ అయినదని పండితులు తలంచుచున్నారు.

ఆ మూసల కొలుములు చల్లాఱి చాలకాలమైనది. నేడు మన కమ్మరికి మంచి ఉక్కు లారీ కమాను పట్టీలనుండి లభించును. వీనిలో కర్బనము నూటికి 0.5 మొదలు 0.6 పాళ్ల వఱకు సాధారణముగా నుండును. చిన్న కత్తికి అది చాలును. స్లాబులకు వాడు కడ్డీలో కర్బనము నూటికి 0.3 పాళ్లకు మించదు. అట్టి కడ్డీని ఎంత సాగగొట్టి ఎన్నిమార్లు ముంచినను వాదర నిలువదు. కొందఱు కమ్మరులు త్వరపడి కడ్డీతోనే పని కానిత్తురు. చూపునకు రెండును ఒక్కటే. కావున ఏ ఇనుముతో చేయుచున్నావని ముందే అడుగుట మంచిది. పాత కమాను పట్టీకి కంటికి కనబడని పగుళ్లును ఉండును. లారీనుండి విఱిగిపడిన ముక్కను గాక, మాసినను పగులని పట్టీ ముక్కను ఏఱుకొనవలెను.

పదునిచ్చుటలో రెండు మెట్లు కలవు. మొదటిది కాల్చి ముంచుట. అలుగు ఎఱ్ఱబాఱి అయస్కాంతమునకు అంటుకొనని స్థితికి వచ్చి, అంతకు కొంచెము మించి వేడి యెక్కిన పిమ్మట నూనెలో ముంచవలెను. కమాను ఉక్కు చల్లని నీటిలో పగులవచ్చును. ఇంతటితో కత్తి గట్టిపడును గాని గాజువలె పెళుసుగా నుండును. రెండవ మెట్టు, ముంచిన అలుగును తోమి తెల్లజేసి, వెన్ను వైపునుండి మెల్లగా మఱల వేడిచేయుట. లోహము మీద మొదట లేత గడ్డిరంగు, పిమ్మట గోధుమరంగు, ఆ మీదట ఊదా, నీలము పొడసూపును. వాదర గడ్డిరంగు దాటి గోధుమరంగునకు తిరుగుచుండగనే ఆపివేయవలెను. ఈ రెండవ మెట్టును విడిచినచో కత్తి మొదటి ఎముకకే అంచు పెళ్లలు రాలును. పనితనము గల కమ్మరికి ఇవి మేము నేర్పవలసినవి కావు. త్వరగా ఇమ్మని తొందరపెట్టు మనకే తెలియవలసినవి.

ఇట్లు కష్టపడి తెచ్చిన పదను బస్తీలో ఒక్క నిమిషమున పోవుట కలదు. కరెంటు సానచక్రము మీద నిప్పురవ్వలు చిమ్ముచుండగా అదిమిపట్టిన కత్తి అంచు నీలముగా మాఱినచో ఆ భాగము మెత్తబడిపోయినదని తెలియవలెను. ఎంత నూఱినను మరునాటికి మొద్దువాఱు కత్తుల కథ తఱచు ఇదియే. చక్రము పట్టువాడు మాటిమాటికి నీటిలో ముంచి చల్లార్చనిచో కత్తిని వెనుకకు తీసికొనుట మేలు.

తుప్పుపట్టని స్టెయిన్‌లెస్ ఉక్కును 1913లో షెఫీల్డు నగరమున హ్యారీ బ్రియర్లీ కనుగొనెను. అందు క్రోమియము నూటికి పదిన్నర పాళ్లకు తక్కువ యుండదు. మామిడి సొన, నిమ్మరసము, చింతపండు కమ్మరి కత్తిని నల్లబఱచును, దీనిని బఱచవు. కాని అంగడిలో చౌకగా దొరకు స్టెయిన్‌లెస్ కత్తులు పెక్కు మెత్తనివి. జాతర వంటకు, కూరలకు ఇది తగును. కోసిన వెంటనే తుడుచుట, వారమునకొకసారి నూనెచుక్క రాచుట చేయగలవారికి చేనిపనికై కమ్మరి కత్తియే మా యెంపిక. దసరానాడు పసుపు కుంకుమలు పెట్టి ఆ తడితోనే మూలనుంచిన కత్తి దీపావళి నాటికి ఎట్లుండునో చదువరులు చూచియే యుందురు.

పిడికి నల్లతుమ్మ చేవ చాలును. అలుగు ఇనుము పిడి చివరివఱకు సాగి, రెండు మేకులతో బిగింపబడవలెను. పిడి వెనుక చిల్లు వేయించి ఎఱ్ఱగుడ్డ పీలిక కట్టినచో గడ్డిలో పడినను కనబడును. ఒఱ తోలుదైనచో వానలో తడిసి కత్తికి తుప్పు పట్టించును. పాత పి.వి.సి. గొట్టము ముక్కను ఆరుబయట వేడిచేసి మెత్తబఱచి, చెక్కల నడుమ నదిమి, కత్తికొలతకు ఒఱ చేసికొనువారు కలరు. చూచుటకు సొంపు లేకున్నను వానకాలమునకు ఇది మేలు.

నూఱుటకు సానరాయి, నీళ్లు చాలును. అంగుళము వెడల్పు గల కత్తికి వెన్ను రాయినుండి అంగుళములో మూడవవంతు లేచి యుండునట్లు పట్టి, ఆ ఎత్తు చెదరకుండ ఒకవైపు నూఱవలెను. రెండవ వైపున వాదర పొడవునను సన్నని రేకు వ్రేలికి తగిలినంతనే త్రిప్పి ఆవల నూఱవలెను. కడపట పాత తోలుపట్టా మీద వెన్ను ముందుగా లాగినచో రేకు రాలిపోవును. పదునును బొటనవ్రేలితో గాక కాగితముతో పరీక్షింపవలెను. మొద్దు కత్తి ప్రమాదము లేనిదని తలంచుట పొరపాటు; దానిని బలముగా నదుమవలసివచ్చును, అదిమిన చేయి జాఱును. తెగినచో గాయమును శుభ్రమైన నీటితో కడిగి గుడ్డతో అదిమిపట్టవలెను. మట్టిగాని బూడిదగాని పెట్టరాదు. ధనుర్వాతపు సూది వేయించుకొనుట మఱువరాదు.

కత్తి దగ్గఱ నున్నందుననే కలుగు కీడు కొన్ని కలవు. పాము కఱచిన చోట కత్తితో గాటు పెట్టి రక్తము పీల్చు అలవాటు ఇంకను పూర్తిగా పోలేదు. అది ప్రాణాంతకము. రక్తపింజర విషము రక్తమునకు గడ్డకట్టు గుణమును చెఱచును. గాటు పెట్టినచో ఆ రక్తము ఆగదు. విషము గాటునుండి వెలికి రాదు. గట్టిగా త్రాడు బిగించుటయు కాలును చెఱచును. మంచె క్రింద, మార్కెటు గచ్చుమీద, జాతర డేరాలో నేలపై పండుకొనువారిని రాత్రివేళ కట్లపాము కఱచుట కలదు. ఆ కాటునకు నొప్పియు వాపును అంతగా కనబడకపోవచ్చును గనుక గుర్తు లేదని ఉపేక్షింపరాదు. మనిషిని కదలనీయక పండుకొనబెట్టి 108 బండిని పిలిచి, పాము విషమునకు విరుగుడు మందు గల ప్రభుత్వాసుపత్రికి చేర్చవలెను. కఱవకముందే మంచముమీద దోమతెర చెక్కుకొని పండుకొనుట ఇంకను మేలు.

కడుపుబ్బిన పశువు డొక్కలో కత్తి పొడుచుటయు ఇట్టిదే. పశువైద్యుడు ఆ పనికి గొట్టము తొడిగిన వేఱు పరికరమును వాడును. గొట్టమునుండి గాలి వెలికిపోవును. కత్తి చేసిన గాయమునుండి కడుపులోని కసరు పేగుల చుట్టు చేరి పశువును చంపును. ఇక పురుగుమందు డబ్బా మూత ఊడదీసిన కత్తితో ఆ మధ్యాహ్నమే మామిడికాయ కోయువారిని చూచి మేము భయపడితిమి. మందు పనికి వేఱొక కత్తి యుండి, అది పంపుతోపాటే యుండవలెను. మోటారు స్టార్టరు వద్ద తీగ పైపొర గీకుటకు మొలనున్న కత్తి తీయువారు, స్తంభమువద్ద కరెంటు నిలిపితిమా లేదా అని రెండుమారులు చూచుకొనవలెను. ఇనుప తోక చివరివఱకు సాగిన పిడి చేనికి మంచిదే గాని కరెంటు పనికి పనికిరాదు.

చట్టమునుగూర్చి రెండు మాటలు. 1959 నాటి ఆయుధముల చట్టము క్రింద 2016లో చేసిన నియమావళి తొమ్మిదంగుళములకు మించిన పొడవు గాని, రెండంగుళములకు మించిన వెడల్పు గాని గల అలుగుతో నున్న కత్తులను ఆయుధములలో చేర్చి, గృహ వ్యవసాయ పనులకై చేయబడినవానిని మినహాయించినది. మేము చెప్పిన కొలత ఇందు సగమునకు మించదు. అయినను అడవి విషయము వేఱు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము 31వ సెక్షను ప్రకారము వ్రాతపూర్వకమైన అనుమతి లేక అభయారణ్యములోనికి ఆయుధముతో పోరాదు. ఆ చట్టము ఆయుధమను మాటకు చెప్పిన అర్థమున వల, ఉచ్చులతోపాటు కత్తియు చేరియున్నది. ఏటూరునాగారము, పాకాల అడవులు అభయారణ్యములు. 2019లో ఏర్పడిన ములుగు జిల్లాలోని మేడారము ఆ ఏటూరునాగారపు అడవిసీమలోనిదే. కావున అటు పోవువారు కత్తిని మొలలో దోపుకొని తిరుగక, కూరల కత్తిని వంటపాత్రల పెట్టెలో మూటగట్టి, అటవీశాఖవారి తనిఖీ చోట అడుగకముందే చూపుట మేలు. కమ్మకత్తి, గొడ్డలి తీసికొనిపోవలసివచ్చిన ముందుగా వారి అనుమతి కోరవలెను. విమానమున చేతిసంచిలో ఏ కత్తియు ఉండరాదు.

ఒక్క కత్తికై కొలిమి రాజేయుట కమ్మరికి గిట్టుబాటు కాదు. అందుచేతనే అతడు కడ్డీముక్కతో సరిపుచ్చును. ఒక ఊరివారు పదిమంది కలిసి, కమాను పట్టీ తామే తెచ్చియిచ్చి, ఒక్క దినము పని ఒప్పుకొనినచో అతనికి కూలియు, మనకు సరియైన సరకును దక్కును. వెనుకటివలె కళ్లమున మేర కొలిచియిచ్చు ఆచారము సన్నగిల్లిన చోట కూలి ముందే తేల్చుకొని సగము ముందుగా చెల్లింపవలెను; బొగ్గునకు, నూనెకు అతడు అప్పుచేయ నవసరముండదు. అలుగు నమూనా అట్టముక్కతో కత్తిరించి యిచ్చిన పొరపాటు రాదు. వానలకు ముందు, దుక్కి పనిముట్ల రద్దీ మొదలుకాక పూర్వము, ఎండకాలమున ఈ పని పెట్టుకొనవలెను. కత్తులు తెచ్చుకొను దినమున ఒక ఆకురాయిని వెంట గొనిపోయి, ఒక్కొక్కదాని వాదరమీద మెల్లగా రాచి చూడవలెను. ఆకురాయి పట్టు దొరకక జాఱిపోయినచో పదను కలదు. సులువుగా కొఱికినచో కత్తిని అక్కడనే కమ్మరికి తిరిగి యిచ్చి, మఱల కాల్చి ముంచుమని కోరవలెను.